ఆపిల్ పెట్టని అర

ఆవిడ పోయిందన్న సంగతి నాకు చేపల మధ్య తెలిసింది.

గల్ఫ్‌లో మేముండే ఊరు అల్ వక్రా. శుక్రవారం పొద్దున్నే ఇక్కడి హార్బర్‌కి వెళ్ళడం నాకు అలవాటు. ఆవిడ తమ్ముడు అక్కడే పని చేస్తాడు. పడవల నుంచి దిగిన చేపల పెట్టెల్లో పారతో ఐసు పోస్తుంటాడు. నన్ను దూరం నుంచి చూసి "అన్నా, ఈయాల మాల్ మస్తున్నది, రా!" అని కేకేసేవాడు. ఆ రోజు కేకెయ్యలేదు. పార గోడకు ఆనించి నా దగ్గరికి వచ్చాడు.

"ఆపా పోయిందన్నా. పోయిన జుమ్మా నాడు. ఊర్లనే."

ఇంతలో అతన్ని ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు. నేను చేప కొనకుండా అక్కడే నిలబడిపోయాను. అలాంటప్పుడు మనిషికి కన్నీళ్ళు రావాలి. లేదంటే పోయినవాళ్ళు చేసిన మంచి ఏదైనా గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఒకటే తోచింది: ఇక ఆ మాట వెనక్కి తీసుకునే మనిషి లేదు.

ఆ మాట ఏమిటో ముందే చెబుతాను. మా విల్లా పెరట్లో, ఇరుగూ పొరుగూ అందరూ నిలబడి చూస్తుండగా, ఆవిడ నా మొహం మీద "నువ్వు ఆపిల్ పెట్టినవ్" అన్నది. నేను పెట్టలేదు. ఆ ఏడు పెట్టలేదు, ఆ తర్వాత ఏ ఏడూ పెట్టలేదు. ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

మేము అల్ మన్సూరాలో ఫ్లాట్ ఖాళీ చేసి వక్రాకు మారిన రోజు నుంచే ఆవిడతో నాకు పడలేదు. ఆ విల్లా ఒకప్పుడు ఒకే కుటుంబానిది. తర్వాత మధ్యలో గోడలు లేపి వాటాలు చేశారు. మాది వెనక వాటా, ఆవిడది పక్కది. పెరడు అందరిదీ. మా సామాను లారీలోంచి దిగుతోంది. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తోంది. కొత్తగా వచ్చినవాళ్ళను ఎవరైనా పేరడుగుతారు, ఊరడుగుతారు. మంచినీళ్ళు కావాలా అని అడుగుతారు. ఆవిడ మా ఫ్రిజ్ దిగేదాకా నోరు విప్పలేదు. అది దిగాక లేచి వచ్చి, దాని తలుపు తెరిచి లోపలికి తొంగి చూసింది.

"మస్తు పెద్దగున్నది తమ్మీ," అన్నది.

నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. తమ్మీ అనడం కూడా నాకు నచ్చలేదు. వయసులో ఆవిడకంటే నేనే పెద్దవాణ్ణని నా అనుమానం. పాస్‌పోర్ట్ చూపించమని అడగలేం కదా. విల్లాలో అందరూ ఆపా, అంటే అక్క, అంటుంటే నేనూ ఆపా అనాల్సి వచ్చింది.

ఆవిడది బోధన్ వైపు. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేది. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో తెలిసేది కాదు. ఒక స్కూలు బస్సులో ఆయాగా పని. పిల్లలందరూ ఎక్కాక బస్సు పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, డ్రైవర్‌కి వినపడేలా "యల్లా!" అనేది. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. బియ్యం డబ్బా మూత పెట్టినా రెండు దెబ్బలే. తలుపు వేసినా రెండు దెబ్బలే. పూలకుండీలో మట్టి నింపాక దానికీ రెండు దెబ్బలు, "యల్లా." ఇక బయల్దేరు అన్నట్టు.

పూలు అన్నానని మల్లె, బంతి అనుకునేరు. ఆవిడ పెంచింది చలిదేశాల పూలు. మంచు కరుగుతుండగానే నేలలోంచి పొడుచుకొచ్చేవి. క్రోకస్‌లు, జానెడు కూడా లేని ఐరిస్‌లు, ట్యూలిప్‌లు. అవి చాలనట్టు కొండల మీద రాళ్ళ సందుల్లో బతికే మొక్కలు కూడా. ఎండలో కారు హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి కాలే ఊళ్ళో ఈ పిచ్చేమిటి అని ఎవరూ అడగలేదు. అందరికీ ముద్దే. అడిగింది నేనొక్కణ్ణే.

అసలు ఈ పూల పిచ్చి ఆవిడకు ఎక్కడ పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆవిడ పద్మతో, తన భర్త లారీ మీద శ్రీనగర్ దాకా పోయి వచ్చినప్పుడు కాగితంలో నలిగిన ఊదా పువ్వు తెచ్చి ఇచ్చాడని చెప్పింది. పై వాటాలో ఉన్న మలయాళీ నర్సుతో, తాను ఎత్తుకుని పెంచిన పిల్లవాడి తల్లి, ఒక విదేశీ మేడమ్, ఇంటి వెనక రాళ్ళు పేర్చి ఈ మొక్కలు వేసేదని చెప్పింది. విల్లా చూసుకునే సూడానీ ఆయనతో, క్యాలెండర్ మీద బొమ్మ చూశానన్నది. నేను అడిగితే మాత్రం "నీకెందుకు తమ్మీ? పువ్వు సూడు" అన్నది. నేను ఊరుకోకుండా హార్బర్‌లో ఆవిడ తమ్ముణ్ణి అడిగాను. "మా బావ లారీ ఎన్నడు నడిపిండన్నా? ఆయన టైలర్," అన్నాడు. మరి పద్మకు చెప్పింది అబద్ధమా, తమ్ముడికి తెలియని నిజమా? పద్మ అయితే, అందరికీ తలో నిజం చెప్పిందేమో అంటుంది. అలా ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు.

సరే, ఫ్రిజ్ సంగతికి వస్తాను. మేము దిగిన కొన్నాళ్ళకే, అక్టోబర్‌లో, నేను డ్యూటీలో ఉండగా ఆవిడ కాగితపు సంచులతో మా ఇంటికి వచ్చింది. సంచుల నిండా దుంపలు. పద్మ ఫ్రిజ్‌లో కింది అర మొత్తం ఖాళీ చేసి ఇచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. దాని గురించి పద్మతో విడిగా మాట్లాడాను, అది ఇక్కడ అనవసరం.

ఆ దుంపలు కొన్ని వారాలు గట్టి చలిలో పడుకోవాలట. అప్పుడే శీతాకాలం వచ్చి పోయిందని నమ్మి పూస్తాయట. వక్రాలో ఆ చలి ఫ్రిజ్‌లో తప్ప దొరకదు. ఆవిడ ఫ్రిజ్ చిన్నది, అందులో మాంసమూ మందులూ. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక షరతు పెట్టింది. ఆ దుంపలు ఉన్నన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఆపిల్ ఉండకూడదు. పండిన ఆపిల్ వదిలే ఆవిరి ఏదో దుంపలోని మొగ్గను చంపేస్తుందట.

"పైకి ఏం తెల్వది చెల్లె," అని పద్మకు చెప్పింది. "గడ్డ మంచిగనే ఉంటది. ఆకులొస్తయి. పువ్వే రాదు. లోపల్నే సచ్చి ఉంటది."

అప్పటినుంచి ప్రతి ఏడూ అక్టోబర్ నుంచి క్రిస్మస్ సెలవుల దాకా మా ఇంట్లో ఆపిల్ లేదు. మా ఫ్రిజ్, మా కరెంటు, మా నోరు, షరతు మాత్రం ఆవిడది.

డిసెంబర్ చివర్లో దుంపలు తీసి కుండీల్లో పెట్టేది. కుండీలు ఎక్కడ? పెరట్లో నీడ ఉండేది మా కిటికీ కింద ఉత్తరపు గోడ దగ్గరే. కాబట్టి అక్కడే. ఇసుక, కంకర, పైన మళ్ళీ గులకరాళ్ళు. ఆ పైన రోజూ తెల్లవారుతుండగా ఐసు. తమ్ముడు హార్బర్ నుంచి డబ్బాలో తెచ్చేవాడు. చేపల పెట్టెల పక్కన ఉన్న ఐసుకు ఏ వాసన ఉంటుందో చెప్పక్కర్లేదు. వక్రాలో ఉన్న పిల్లులన్నీ మా కిటికీ కింద చేరేవి. కుండీలు తవ్వబోయేవి. ఆవిడ చీపురు పట్టుకుని, "ఏయ్, కూర్చో! సీట్ల కూర్చో! బస్సు నడుస్తున్నది!" అని వాటిని అదిలించేది. చిత్రం ఏమిటంటే, కొన్ని పిల్లులు నిజంగానే కూర్చునేవి.

ఒకరోజు తట్టుకోలేక అన్నాను. "ఆపా, నా కిటికీ తీస్తే చేపల కంపు. ఇదేం పద్ధతి?"

"నువ్వు జుమ్మాకు జుమ్మాకు తెచ్చే చాపలు అత్తరు వాసనొస్తయా తమ్మీ?"

"అవి వండుకుని తినడానికి."

"ఇవి సూస్తానికి. సూసెటోనికి కడుపు నిండదా?"

పై వాటా కిటికీలోంచి నర్సు నవ్వింది. పద్మ కూడా నవ్వింది. పద్మ నవ్వడం నేను మరచిపోలేదు.

పూసిన ఏడాది చూడాలి ఆవిడను. ఒక పొద్దున గులకరాళ్ళ మధ్య ఊదారంగు మొన కనిపించేది. మధ్యాహ్నానికి విచ్చుకునేది. లోపల నిప్పుకణిక లాంటి పసుపు. ఎత్తు నాలుగు వేళ్ళు కూడా ఉండదు. ఆవిడ బస్సు డ్యూటీ నుంచి వచ్చి, బుర్ఖా కూడా తీయకుండా దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని టీ తాగేది. నవ్వేది కాదు. మాట్లాడేది కాదు. ఎవరైనా ఫోన్ తీసి ఫొటో తీయబోతే "ముందుగాల కండ్లతోని సూడు" అని కసిరేది. అప్పుడు ఆవిడ మొహంలో కనిపించేది ఏమిటో నేను చెప్పలేను. సంతోషం అంటే సరిపోదు. ఎవరో వస్తామని చెప్పి, నిజంగానే వచ్చినప్పుడు మనకు కలిగే ఆశ్చర్యం లాంటిది.

ఇక ఆ ఏడు. దుంపలు యథాప్రకారం మా అరలో ఉన్నాయి, యథాప్రకారం కుండీలకు వెళ్ళాయి. ఆకులు వచ్చాయి. సన్నగా, పచ్చగా, మధ్యలో తెల్ల గీతతో, కుండీల నిండా వచ్చాయి. పువ్వు రాలేదు. జనవరి పోయింది. ఫిబ్రవరి ఎండ కొంచెం గట్టిపడింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ కూరలు తరిగే కత్తి తీసుకుని పెరట్లోకి వచ్చింది. ఒక దుంప తవ్వి తీసి, గులకరాళ్ళ మీద పెట్టి నిలువునా కోసింది. మధ్యలో గోధుమరంగు దారం ముక్క లాంటిది ఎండిపోయి ఉంది. అది పువ్వట.

అప్పటికి అందరూ పెరట్లోనే ఉన్నారు. నర్సు బట్టలు ఆరేస్తోంది. సూడానీ ఆయన నీళ్ళ మోటారు చూడటానికి వచ్చాడు. నేను కుర్చీలో ఉన్నాను.

"ఆపిల్ పెట్టినవ్ తమ్మీ," అన్నది.

"లేదు ఆపా."

"పెట్టినవ్."

"నేను ఆపిల్ తిననే తినను. నాకు జామకాయ ఇష్టం."

"తిననోడే దాసిపెడ్తడు."

పద్మ కల్పించుకుంది. "మా ఇంట్లోకి ఆపిలే రాలేదు ఆపా. ఒట్టు."

"నిన్ను అనలే చెల్లె. నువ్వు మంచిదానివి."

దాని అర్థం ఏమిటి? నేను లేచి, అందరినీ మా వంటింట్లోకి రమ్మన్నాను. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, అరలు ఒక్కొక్కటే లాగి చూపించాను. నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. సూడానీ ఆయన లోపలికి తలపెట్టి చూసి, "మాఫీ ఆపిల్, మాఫీ ముష్కిల్" అని, ఆపిల్ లేదు, గొడవా లేదు అన్నట్టు నవ్వాడు. ఆవిడ రానే రాలేదు. పెరట్లో కూర్చుని మిగతా దుంపలు కోస్తూనే ఉంది.

నేను ఒక వర్క్‌షాప్‌లో స్టోర్‌కీపర్‌ని. నా దగ్గర దాచమని ఇచ్చిన సరుకు పాడైందంటే, అది సరుకు గురించిన మాట కాదు, నా గురించిన మాట. కంపెనీలో ఇన్నేళ్ళలో ఎవడూ అనలేదు ఆ మాట. పెరట్లో, బట్టల తాడు కింద, కూరగాయల కత్తి పట్టుకుని ఆవిడ అన్నది. ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ డిసెంబర్ వేడిగా ఉందేమో. ఫ్రిజ్ ఎప్పుడైనా ఆగిందేమో. దుంపలు అమ్మినవాడి దగ్గరే పాడయ్యాయేమో. మొక్కల సంతలో అడిగితే ఒకడు వేడి అన్నాడు, ఒకడు నీళ్ళు అన్నాడు, ఇంకొకడు కొత్త దుంపలు కొనమన్నాడు. నేను పెట్టలేదన్నది తప్ప నాకు ఏదీ తేలలేదు.

ఇక ఆవిడ మా గడప తొక్కదనుకున్నాను. తొక్కకపోతేనే మేలనుకున్నాను. మళ్ళీ అక్టోబర్ వచ్చింది. నేను ఇంట్లో ఉండగానే ఆవిడ కాగితపు సంచులతో వచ్చి వంటింట్లో నిలబడింది.

"అర ఖాళీ చెయ్యి."

నేను అన్నాను. "మొగ్గలు చంపేవాడి ఫ్రిజ్‌లో ఎందుకు పెడతావు ఆపా? పైన నర్సుకి ఫ్రిజ్ లేదా?"

"ఎవలి ఫ్రిజ్ గింత పెద్దగున్నది?" అన్నది. సంచులు తనే సర్దుకుంది. అర మూసి, అరచేత్తో ఫ్రిజ్ తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "యల్లా" అనేసి వెళ్ళిపోయింది.

నేను వద్దనొచ్చు. అనలేదు. వద్దంటే, చేసిన పని బయటపడి ఒప్పుకున్నట్టు అవుతుంది. కానీ ఆవిడ ఎందుకు పెట్టింది? నన్ను నమ్మిందా? నమ్మితే ఆ మాట వెనక్కి తీసుకోవాలి కదా. నమ్మకపోతే పెట్టకూడదు కదా. ఈ రెండింటి మధ్యలో ఏ మనిషైనా ఎలా నిలబడుతుందో నాకు తెలియలేదు. పద్మను అడిగితే, "మీరు మరీ లోతుగా ఆలోచిస్తున్నారండీ. ఫ్రిజ్ పెద్దదని పెట్టింది," అంది.

ఆ ఏడు పూలు వచ్చాయి. ఎప్పుడూ రానంతగా వచ్చాయి. ఆవిడ వాటాకొక కుండీ పంచింది. నర్సుకి ఊదా క్రోకస్. ముందు వాటా ఫిలిప్పీన్స్ దంపతులకు నీలం ఐరిస్. సూడానీ ఆయనకు కూడా ఎర్ర ట్యూలిప్. ఆయన దాన్ని కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బెల్టు పెట్టి మరీ తీసుకెళ్ళాడు. చివరకు మా తలుపు తట్టింది. చేతిలో వెడల్పాటి మట్టి పళ్ళెం. దాని నిండా రాళ్ళు. రాళ్ళ మధ్య, రాయో మొక్కో తెలియని గుండ్రటి బూడిదరంగు ముద్ద ఒకటి.

"ఇది మీకు."

"పువ్వేది?"

"రాతి గులాబీ అంటరు. గుట్టల మీద, ఇండ్ల కప్పుల మీద ఉంటది. మంచు కింద నెలలకు నెలలు పడుంటది."

"అందరికీ పువ్వులు, మాకు రాళ్ళా ఆపా?"

"పువ్వును ఎవలన్న సూస్తరు," అన్నది. "దీన్ని రోజు సూసెటోడు గావాలె. నువ్వు గల్తీ ఎక్కడున్నదా అని రోజు ఎట్లనన్న సూస్తవ్ గదా. దీన్ని సూడు. నీళ్ళెక్కువ పొయ్యకు. సలికాలం జర ఐసు సూపియ్యి. ఎండకాలం ఏసీల పెట్టు."

ఇది అవమానమా, కాదా? మీరే చెప్పండి. ఆపిల్ పక్కన పెట్టినా చావని మొక్క చూసి ఇచ్చిందని నేను అన్నాను. పద్మ ఒప్పుకోలేదు. పారేద్దామని రెండు మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను. పారేస్తే ఆవిడ మళ్ళీ అందరి ముందూ ఏదో ఒకటి అంటుంది. ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. అందుకని చెప్పినవన్నీ చేశాను. వేసవంతా మా హాల్లో ఏసీ కింద ఆ రాళ్ళ పళ్ళెం. వచ్చినవాళ్ళు అది ఏమిటని అడిగేవారు. ఏం చెప్పాలో తెలిసేది కాదు. అది బతికుందో లేదో కూడా తెలిసేది కాదు. వేలితో నొక్కితే గట్టిగా ఉంటే బతికున్నట్టని ఆవిడ చెప్పింది. అప్పుడప్పుడు నొక్కి చూసేవాణ్ణి.

పోయిన అక్టోబర్‌లో ఆవిడ సంచులతో వచ్చేసరికి సగమైపోయి ఉంది. బుర్ఖా వదులుగా వేలాడుతోంది. కడుపులో ఏదో ఉందని, ఊళ్ళో ఆపరేషన్ అని, డిసెంబర్‌కల్లా వచ్చేస్తానని పద్మతో చెప్పింది. దుంపలు అరలో సర్దింది. మధ్యలో ఒకసారి ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. నేను దగ్గరే ఉన్నాను. ఊరికి వెళ్తున్న మనిషి, ఆపరేషన్‌కి వెళ్తున్న మనిషి, ఇప్పుడైనా అంటుందనుకున్నాను. పొరపాటున అన్నాను తమ్మీ, అంటే చాలు. నేను కూడా, పోనీలే ఆపా అని ఉండేవాణ్ణి. ఆ మాట సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద రెండు దెబ్బలు కొట్టింది. ఈసారి చప్పుడు రాలేదు. "యల్లా" అన్నది. నా వైపు తిరిగి, వేలెత్తి, "ఆపిల్!" అన్నది. అంతే. కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ రెండు నెలలూ నేను ఎలా కాపలా కాశానో పద్మకు తెలుసు. మా వర్క్‌షాప్‌లో పనిచేసే అతను ఊరి నుంచి వచ్చి, కలవడానికి వస్తూ ఆపిల్ పళ్ళు తెచ్చాడు. పై అరలో పెడతానంది పద్మ. "ఫ్రిజ్ అంతటా తిరిగేది ఒకటే గాలి," అని, ఆ పళ్ళు అప్పటికప్పుడు పై వాటాకు పంపించేశాను. వచ్చినతను నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ. డిసెంబర్‌లో ఆవిడ వచ్చి, దుంపలు నాటి, పువ్వులు చూసి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నాకు కావలసింది అదే.

డిసెంబర్ చివర్లో హార్బర్‌లో తమ్ముడు పార గోడకు ఆనించాడు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచాను. సంచులు సంచులుగా దుంపలు, కొన్నిటికి పసుపుపచ్చ మొనలు వచ్చేస్తున్నాయి. నాటే వేళ దాటిపోతోంది. వాటిని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పి వెళ్ళలేదు. పారెయ్యడమా? పారేస్తే నేను ఆపిల్ పెట్టలేదని ఇక ఎప్పటికీ తెలియదు. నేనే నాటాను. కంకర, ఇసుక, గులకరాళ్ళు. తెల్లవారుతుండగా ఐసు తెమ్మని తమ్ముడికి చెప్పాను. అతను ఏమీ అడగకుండా డబ్బా గేటు దగ్గర పెట్టి వెళ్ళేవాడు. పిల్లులు వచ్చాయి. ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి "సీట్లో కూర్చో!" అని అరిచాను. పద్మ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి చివర పూశాయి. ముందు ఊదావి, తర్వాత నీలం.

అవి పూసి ఉండగానే, ఆవిడ వాటా ఖాళీ చెయ్యడానికి తమ్ముడు వచ్చాడు. మా ఇంటికి ఉత్త చేతులతో రాకూడదని సంచి నిండా ఆపిల్ పళ్ళు తెచ్చాడు. నేను గేటు దగ్గరే ఆపేశాను.

"అవి లోపలికి వద్దు. అక్కడ పెట్టు."

అతను సంచి వైపు, నా వైపు చూశాడు. "ఆపిల్ అంటే యాదికొచ్చిందన్నా. నిన్నొకటి అడగాలె. దవాఖానల ఆఖరుకు ఆపాకు మతి సరిగ లేకుండె. ఫోన్ల నేను గూడ సూసిన. ఎవలొచ్చినా ఒకటే మాట. 'ఆపిల్ పెట్టిండా? తమ్మీ ఆపిల్ పెట్టిండా?' నేను ఈడున్న, నేనేం పెడ్త? తింటనంటున్నదనుకొని ఆపా బిడ్డ ఆపిల్ కోసి నోటికాడ పెట్టింది. గిన్నె ఇసిరికొట్టింది. మల్ల కోసి పెట్టింది, మల్ల కొట్టింది. డాక్టర్‌కు గూడ సమజ్ కాలే. గదేందో నీకేమన్న తెలుసా?"

నేను అతని చేతిలోంచి సంచి తీసుకుని గేటు పక్కన పెట్టాను.

"పెట్టలేదు," అన్నాను.

"ఏందన్నా?"

"ఆ తమ్మీ నువ్వు కాదు, నేను. ఆపిల్ పెట్టలేదు." అతని చెయ్యి పట్టుకుని ఉత్తరపు గోడ దగ్గరికి లాక్కెళ్ళాను. అర సంగతి, ఆవిరి సంగతి, మొగ్గ సంగతి అంతా చెప్పాను. పెరట్లో ఆవిడ నన్నన్న మాటా చెప్పాను. "చూడు. పెట్టి ఉంటే ఇవి వచ్చేవా? ఒక్కటైనా వచ్చేదా?"

అతను కుండీల ముందు గొంతుక్కూర్చున్నాడు. పువ్వును ముట్టుకోలేదు. కాసేపటికి తల ఎత్తాడు.

"గింత ముచ్చట ఫోన్ల చెప్తే అయిపోవు గదన్నా. పెట్టలే అంటే ఊకుంటుండె గదా ఆపా."

చూశారా, తప్పు మళ్ళీ నా మీదికే వచ్చింది. నన్ను ఎవరు అడిగారు? కూతుర్ని అడిగింది, డాక్టర్ని అడిగింది, ఫోన్లో తమ్ముణ్ణి అడిగింది. నా నంబరు ఆవిడ దగ్గర ఉంది. నన్నే అడగలేదు. అడిగితే ఒక్క మాటతో అయిపోయేది. ఆ రెండు నెలలూ మంచం మీద ఉండి ఆవిడ తలుచుకున్నది నేను పెడతాననా, పెట్టననా? పెడతానన్న భయంతోనే అయితే అంతకంటే అవమానం లేదు. కానీ పోయే మనిషి అన్నీ వదిలేసి ఈ ఒక్క సంగతి పట్టుకుని ఉండటాన్ని భయమనే అనాలా? నాకు తెలియడం లేదు. ఇంకో సంగతి. ఈ పూలు ఈ ఏటికే సాక్ష్యం. ఆ ఏటి మాటకు ఇవి పనికిరావు. ఆ మాట అలాగే ఉంది.

తమ్ముడు ఆవిడ సామాను బండికెక్కించాడు. పెద్దగా ఏమీ లేదు. చివరగా మా హాల్లోకి తొంగి చూసి, "ఆ రాళ్ళ పళ్ళెం గూడ ఆపాదే గదా? తీస్కపోనా?" అన్నాడు.

"అది నాది," అన్నాను. "నాకిచ్చింది."

అతను తల ఊపాడు. గేటు దగ్గరికి వెళ్ళి ఆపిల్ సంచి తీసి మళ్ళీ వచ్చాడు. "గడ్డలన్ని నాటిండ్రు గదన్నా. ఫ్రిజ్ ఖాళీనే గదా ఇప్పుడు? వదినకు ఇచ్చిపోత."

కింది అర ఖాళీగానే ఉంది. పద్మ కడిగి తుడిచి పెట్టింది కూడా.

"ఖాళీయే," అన్నాను. "అయినా లోపలికి తేవద్దు."